నిశ్శబ్దం అద్దెకిచ్చే ఊరు

కోడలి దగ్గర ఒక పట్టిక ఉంది. అడ్డంగా ఇరవై మూడు ఊళ్ళు, నిలువుగా పద్నాలుగు గళ్ళు. గది అద్దె, నెట్ వేగం, నెలలో కరెంటు ఎన్నిసార్లు పోతుంది, బస్సు టికెట్టు, పాలు, కూరలు, డాక్టరు ఫీజు, వానలు ఎన్ని నెలలు. అన్నిటికీ చివరన ఎర్ర అక్షరాలతో ఒకే మాట: చప్పుడు. ఆ ఇంట్లో ఆ పట్టిక చూడకుండా గిన్నె కూడా కదలదని అత్తగారు అనేది. అనడమే కాదు, రెండేళ్ళలో నాలుగు ఊళ్ళకు ఆ గిన్నెలను తన చేతులతోనే మూటగట్టింది.

కోడలి పని వినడం. ఎక్కడెక్కడి ఆసుపత్రులలోనో వైద్యులు రోగిని చూసిన పిమ్మట రికార్డు చేసి పంపే మాటలను శ్రద్ధగా విని, పొల్లు పోకుండా టైపు చేసి తిరిగి పంపాలి. ఆ ఉద్యోగానికి ఆఫీసంటూ లేదు. లాప్‌టాప్ తెరిచిన చోటే ఆఫీసు. భర్త సరుకు ఓడలో ఇంజను మేస్త్రి. ఏడాదికి రెండు నెలలే నేల మీద నిలుస్తాడు గనుక అతనికి ఏ ఊరైనా ఒకటే. అందుచేత ఎక్కడ ఉండాలన్న నిర్ణయం కోడలిది, ఎందుకు ఉండాలన్న ప్రశ్న అత్తగారిది.

మొదటి ఊళ్ళో మేడలన్నీ అద్దాలే. జీతంలో మూడింట రెండు వంతులు అద్దెకే పోయేది. కిటికీ తెరిస్తే ఎదుటి గోడ కనిపించేది. పదకొండు నెలలు ఉండి బయలుదేరుతున్నప్పుడు అత్తగారు, "ఈ ఊళ్ళో నన్ను నోరారా పలకరించింది ఆ లిఫ్టొక్కటేనే అమ్మాయ్. రోజూ పన్నెండో అంతస్తు, పన్నెండో అంతస్తు అని పాపం ఎంత ఓపిగ్గా చెప్పేదో" అంది. రెండో ఊళ్ళో కూరలు చవక, మనుషులు మంచివాళ్ళు, గది కింద ట్రాముల షెడ్డు. మూడోది కొండ మీది ఊరు. నీళ్ళు అమృతమే గాని మంచు దిగితే నెట్ పోయేది, కొట్టుకు వెళ్ళి రావడానికి రెండువందల మెట్లు. అత్తగారి మోకాళ్ళు ఆ ఊరిని ఇప్పటికీ క్షమించలేదు. నాలుగో ఊళ్ళో పద్నాలుగు గళ్ళూ పచ్చగా వెలిగాయి. దిగిన వారానికి పక్క వాటాలోని గుమాస్తా బాకా ఊదడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రోజూ అదే పాట, అదే చోట అదే తప్పు.

ఇంతకూ ఈ పరుగుకు కారణం తప్పులే. వెయ్యి మాటలకు రెండు తప్పుల వరకూ కంపెనీ ఓర్చుకుంటుంది. రెండేళ్ళుగా మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చిన కోడలి లెక్క గత రెండు నెలలుగా ఐదు దాటింది. వాక్యం తల సరిగా ఉండేది, నడుము సరిగా ఉండేది, చివరనున్న చిన్న చిన్న మాటలు మాత్రం వేళ్ళ సందుల్లో ఇసుకలా జారిపోయేవి. మూడో నెల కూడా హద్దు దాటితే ఇక పని పంపబోమని సూపర్‌వైజరు మర్యాదగా, విడమరిచి ఉత్తరం రాశాడు. ఎనిమిదేళ్ళుగా అన్నం పెట్టిన చెవి ఆమెది. అది పాడైందని ఒప్పుకోవడం కంటే ఊరు మార్చడమే ఆమెకు తేలికనిపించింది.

ఐదో ఊరును ఆమె మునుపెన్నడూ లేనంత జాగ్రత్తగా ఎంచుకుంది. ఇంటి యజమానిని ఫోనులో బతిమాలి, ఖాళీ గదిలో అతని ఫోనునే మూడు పగళ్ళు రికార్డు చేస్తూ ఉంచమంది. అతను ఉంచి పంపాడు. ఆమె ఆ చప్పుడును లాప్‌టాప్‌లో గీతగా మార్చి చూసింది. గీత తిన్నగా, సూదికెక్కించిన దారంలా సాగింది. అద్దె మొదటి ఊళ్ళో ఇచ్చినదానిలో నాలుగో వంతు. మూడు నెలల అద్దె ముందే కట్టేసింది.

ఇల్లు వాడుకలో పాతబడినా గట్టిది. మేడ మీద రెండు గదులు వీరివి. కింద విశాలమైన పెరడు, పెరటికి ఆవల ఎత్తైన రేకుల షెడ్డు. తెల్ల గడ్డం, కాలిన మచ్చల చేతులు గల యజమాని గంటలు పోతపోసే మేస్త్రి. సామాను దించుతున్నంతసేపూ అతను మునివేళ్ళ మీద నడిచాడు. పెట్టె కాస్త గట్టిగా నేలకు తగిలితే అతని పనివాళ్ళిద్దరూ ఒకేసారి వెనుదిరిగి చూశారు. ఎంత నెమ్మదస్తుల ఇల్లు దొరికిందని కోడలు మురిసిపోయింది.

నాలుగు రోజులు ఆ ఇంట చీమ చిటుక్కుమనలేదు. ఆమె ఉదయం ఆరింటికి కూర్చుంటే మధ్యాహ్నానికే రోజు పని ముగిసేది. అయినా సాయంత్రానికి కంపెనీ నుంచి వచ్చే లెక్క మాత్రం మారలేదు. ఐదు, ఐదున్నర, ఐదు. నాలుగో రోజున ఆరు.

"కొత్త చోటు కదత్తయ్యా, కుదురుకోవాలి" అంది కోడలు.

"ఎవరు కుదురుకోవాలి, చోటా?" అంది అత్తగారు.

ఐదో రోజు ఉదయం, గుండె జబ్బు గురించి ఎవరో వైద్యుడు చెబుతుండగా, కింద నుంచి భూమి బద్దలైనట్టు ఒక దెబ్బ వినిపించింది. వెంటనే రెండోది. ఆ తరువాత లెక్కలేదు. బల్ల మీది నీళ్ళగ్లాసులో వలయాలు లేచాయి. కోడలు హెడ్‌ఫోన్లు విసిరికొట్టి, కాలుగాలిన పిల్లిలా గదిలో రెండుసార్లు తిరిగి, మెట్లు దిగి పరుగున షెడ్డులోకి వెళ్ళింది.

షెడ్డు నడుమ లోతైన గొయ్యి ఉంది. దానిలో దిగిన పనివాళ్ళిద్దరూ మట్టి మూస మీద సమ్మెటలతో మోదుతున్నారు. ఎర్రమట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది.

"ఏమండీ! ఇక్కడ వినేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని ఆమె కేక వేసింది.

సమ్మెటలు ఆగాయి. "అందరం వినేవాళ్ళమేనమ్మా. మా పనే అది" అన్నాడు మేస్త్రి, గట్టు మీద నుంచి లేస్తూ.

"మీరు నన్ను మోసం చేశారు మేస్త్రి గారూ. మూడు రోజుల రికార్డు పంపారు. అందులో ఈగ వాలిన చప్పుడు కూడా లేదు."

"నేను పంపింది నిజమైనదేగా తల్లీ?"

"మరి ఇదేంటి?"

"ఇది పదకొండో రోజు."

ఆమెకు అర్థం కాలేదు. అప్పుడతను చెప్పాడు. కరిగిన కంచును మూసలో పోశాక, ఇంత పెద్ద గంటయితే పది రోజులు గోతిలోనే చల్లారాలి. ఆ పది రోజులూ పెరట్లో సుత్తి ఎత్తరు, బరువు దించరు, తలుపు ధడేలుమని వేయరు. లోపల లోహం గడ్డకడుతున్నప్పుడు నేల అదిరితే కంటికి కనిపించని బీట పడుతుందని అతని తాత నమ్మాడు, తండ్రి నమ్మాడు, అతనూ నమ్ముతున్నాడు. ఆమె చప్పుడు కొలిచినది ఆ పది రోజులలో మొదటి మూడు. దిగింది ఆరో రోజు ముగిశాక.

"అయితే ముందే చెప్పొద్దూ?"

"మీరు మూడు రోజులు అడిగారు. మూడు రోజులూ ఫోను కదల్చకుండా పెట్టాను. పదకొండో రోజు సంగతి అడిగితే అదీ చెప్పేవాణ్ణి కదమ్మా."

గోతిలో పనివాళ్ళిద్దరూ నవ్వు దాచుకోవడానికి మట్టివైపు తిరిగారు. కోడలి ముఖం కందగడ్డ అయింది. పరాయి ఊరి నిశ్శబ్దాన్ని ఇంత శాస్త్రీయంగా కొలిచి, తిన్నని గీత చూసి మోసపోవడం తనవంటి పనిచేసేవాళ్ళకే చెల్లుతుందని ఆమెకే తోచింది. ఆ తోచినది కోపాన్ని ఇంకా పెంచింది.

"నా డబ్బు నాకిచ్చేయండి. రేపే వెళ్ళిపోతాం."

"ఇస్తాను. దానికేముంది." మేస్త్రి తలవంచి చేతుల మట్టి దులుపుకున్నాడు. "ఒక్క మాట. రేపు పొద్దున గంటను పైకి లేపి మొదటి దెబ్బ కొడతాం. ఆర్నెల్ల కష్టం. ఒకే ఇంట ఉండి వినకుండా వెళ్ళకండి. పైగా నాకు చెవులు కావాలి. కొలిమి పక్కన నలభయ్యేళ్ళున్న చెవులమ్మా ఇవి, పల్చటి మోత పట్టుకోలేవు."

పైకి వచ్చేసరికి అత్తగారు మెట్ల మీద కూర్చుని అంతా విన్నట్టే ఉంది. కోడలు పట్టిక తెరిచి ఆరో ఊరు వెతకసాగింది.

"నేను మూట కట్టనే అమ్మాయ్" అంది అత్తగారు.

"అత్తయ్యా, ఈ నెల తప్పులు తగ్గకపోతే పని పోతుంది. తెలుసా?"

"తెలుసు. నాలుగు రోజులు శ్మశానంలో ఉన్నట్టున్నాం ఇక్కడ. తగ్గాయా?"

కోడలు పట్టికను ఇంకో గడికి జరిపింది.

మరునాటి ఉదయం ఎండ నిలువెత్తు ఎక్కకముందే షెడ్డు నిండింది. దర్జీ, మందుల కొట్టు ఆయన, ఎదురింటి నర్సు, ఇంకా పేర్లు తెలియని పదిమంది. గంట గొలుసులకు వేలాడుతోంది. ఏదో రేవులో గడియార స్తంభానికట అది. మనిషి ఛాతీ ఎత్తుంది. మెరుపు లేదు, నగిషీ లేదు. అప్పుడే భూమి కడుపులోంచి వచ్చిన బిడ్డలా ఒళ్ళంతా మట్టి అంటుకుని ఉంది.

మేస్త్రి పద్ధతి చెప్పాడు. అందరూ కళ్ళు మూసుకోవాలి. మోత తమ చెవికి అందకుండా పోయిన క్షణాన చెయ్యెత్తాలి. లోపల బీట ఉన్న గంట త్వరగా మూగబోతుంది. చేతులు తొందరగా లేస్తే గంటను పగలగొట్టి మళ్ళీ కరగపెట్టాల్సిందే. చెబుతూ అతను కొయ్య సమ్మెటను అరచేతిలో రెండుసార్లు తిప్పుకున్నాడు. పెదవులు ఏదో జపించాయి.

దెబ్బ పడింది.

కోడలు కళ్ళు మూసుకుని వింది. పెద్ద మోత లేచింది, ఒంట్లోంచి పోయింది, పలుచబడింది. బాగుంది అనుకుంది. ఎన్నింటికి బయలుదేరాలో, ఆరో ఊళ్ళో నెట్ ఎలా ఉంటుందో అనుకుంది. అయిపోయింది అనుకుని చెయ్యెత్తింది. ఎత్తి, కళ్ళు తెరిచింది.

ఆ షెడ్డులో లేచిన చెయ్యి ఆమెది ఒక్కటే.

కళ్ళు మూసుకోని వాడు ఒక్క మేస్త్రి. అతని ముఖంలో నెత్తురు లేదు. అతను ఆమె చేతినే చూస్తున్నాడు. కోడలు చెయ్యి దించబోయింది, దించలేకపోయింది. వినడమే వృత్తిగా బతికే మనిషి తాను, తానే అందరికంటే ముందు. దర్జీ ఇంకా వింటున్నాడు. నర్సు వింటోంది. మొన్నటిదాకా టీవీ చప్పుడు పెంచమని పోరిన అత్తగారు, డెబ్బై ఏళ్ళ మనిషి, మెడ కాస్త పక్కకు వంచి, దూరాన ఎవరో పిలుస్తుంటే ఆలకిస్తున్నట్టుగా నిలబడి ఉంది. ఎంతకీ చెయ్యెత్తదు. చాలాసేపటికి మందుల కొట్టు ఆయన చెయ్యి లేచింది, తరువాత దర్జీది, ఆ తరువాత ఒకటొకటిగా అందరివీ. అత్తగారి చెయ్యి అన్నిటికంటే చివర, అదీ అయిష్టంగా లేచింది.

మేస్త్రి గొంతులోకి ప్రాణం వచ్చింది. "నిలిచింది. ఈ అమ్మాయి అంత ముందే చెయ్యెత్తేసరికి పోయిందనుకున్నాను" అన్నాడు. పనివాళ్ళిద్దరూ ఒకరి భుజం మీద ఒకరు వాలారు.

"అదేంటే, నువ్వు అంత ముందే ఎత్తావా?" అత్తగారు నలుగురిలోనూ అడగనే అడిగింది. "నీ జీతం నాకిప్పించు. రేపట్నుంచి నేను కూర్చుంటాను."

అందరూ నవ్వారు. కోడలికి నవ్వు రాలేదు. "నా చెవి పాడైపోయింది మేస్త్రి గారూ" అంది. రెండు నెలలుగా ఎవరితోనూ, భర్తతో కూడా అనని మాట అది.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "పాడైన చెవి వాడు చెయ్యెత్తేముందు తడబడతాడమ్మా. నాకు తెలుసు, నేనూ అంతే కదా. మీరు తడబడలేదు. మోత ఇక్కడే ఉంది, మీరే లేచి వెళ్ళిపోయారు. ఇంకోసారి కొడతాను. ఈసారి వెళ్ళకండి."

రెండో దెబ్బ పడింది.

ఈసారి ఆమె మొదటి మోతను పోనిచ్చింది. అది పోయాక దాని అడుగున ఇంకొకటి ఉంది. ఏరు ఇంకితే కనిపించే ఇసుకమేటలా అంతకుముందు నుంచీ అక్కడే ఉన్నది. అది లోతుగా, ఊపిరి తీస్తున్నట్టు పొంగుతూ తగ్గుతూ సాగింది. అదీ సన్నబడ్డాక దాని వెనుక మరొకటి, సన్ననిది, ఏ వైపు నుంచి వస్తున్నదో చెప్పలేనిది. శబ్దం ఆకాశానికి గుణమని శాస్త్రం చెప్పిన మాట ఆమె చిన్ననాడు విన్నదే, విని మరచినదే. ఇప్పుడా మాట కాక ఆ ఆకాశమే వచ్చి ఎదుట నిలిచినట్టయింది. మోత సన్నబడుతున్నకొద్దీ షెడ్డు పెద్దదవుతోంది. రేకుల మీద ఎండ చిటచిటలు, గొలుసు కిర్రుమనడం, పక్కన నిలుచున్న అత్తగారి ఊపిరి, తన గుండె, అన్నీ ఆ మోత మోస్తున్నట్టే వినిపించాయి. ఎక్కడ ముగిసిందో చూద్దామని ఆమె దాని వెంట నడిచింది. ముగింపు దొరకలేదు. మోత సగమై, సగంలో సగమై, అణువై, ఇంకా ఉంది. ఇంతటిది నాకు ఇన్నాళ్ళూ వినబడుతూనే ఉండేదా అన్న ఆశ్చర్యంతో ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి.

ఆమె చెయ్యి లేవలేదు. అత్తగారు మోచేయి పట్టి కదిపితే గాని ఈ లోకంలోకి రాలేదు.

గదికి తిరిగి వచ్చి ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రికార్డును నడిపే పెడల్ మీద కాలు వేయబోయి ఆగిపోయింది. తెర మూలన ఒక చిన్న అంకె ఉంది. రెండేళ్ళుగా అక్కడే ఉన్న అంకె. ఒకటి పాయింటు ఏడు. మాట నడిచే వేగం.

మొదటి ఊళ్ళో ఆ అద్దె గిట్టడానికి రోజుకు రెండు రోజుల పని చేయవలసి వచ్చేది. అందుకని వైద్యుల మాటలను పరుగు పెట్టించి వినడం మొదలుపెట్టింది. చెవి అలవాటు పడింది. వాక్యం ముగియకముందే తరువాతి వాక్యానికి వేళ్ళు సిద్ధమయ్యేవి. ఊరు మారింది, అద్దె తగ్గింది, మళ్ళీ ఊరు మారింది, ఇంకా తగ్గింది. పట్టికలోని అంకెలన్నీ మారాయి గాని ఈ ఒక్క అంకెను మార్చాలని తోచలేదు. అది పద్నాలుగు గళ్ళలో లేదు.

ఆమె దాన్ని ఒకటికి, మనిషి మాట్లాడిన అసలు వేగానికి, తెచ్చింది.

ఒక గొంతు వినిపించింది. కోడలు ఉలిక్కిపడి ఫైలు పేరు చూసింది. రెండేళ్ళుగా తాను టైపు చేస్తున్న వైద్యురాలే. చురుకైన, సన్నని గొంతుతో గలగల మాట్లాడే ముప్పై ఏళ్ళ మనిషిగా ఊహించుకున్న డాక్టరమ్మ. కాదు. ఇది వయసు మళ్ళిన గొంతు. కాస్త జీర, కాస్త ఆయాసం. మాటకూ మాటకూ మధ్య కాగితం తిప్పిన చప్పుడు. రోగి వయసు చెప్పింది, ఎన్నాళ్ళుగా చూస్తున్నదీ చెప్పింది. పరీక్షల ఫలితం చెప్పబోయి ఆగింది. ఆ ఆగడం ఎంతసేపని. కుర్చీ కదిలింది, డాక్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు, ఒక్కొక్క మాటా కింద పెడుతున్నట్టుగా, ఇక చేయగలిగినది లేదని, నొప్పి తెలియకుండా చూడమని చెప్పింది. చివరన, రికార్డు ఆపడం మరిచిపోయిందో ఏమో, రోగి పేరును ఇంకోసారి మెల్లగా పలికింది. టైపు చేయడానికి కాదు.

కోడలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. రెండేళ్ళు. రోజుకు నలభై మంది. పుట్టినవాళ్ళు, లేచి నడిచినవాళ్ళు, నడవనివాళ్ళు. వాళ్ళందరూ తన చెవి గుండానే వెళ్ళారు. ఒక్కరైనా నిలవలేదు, తాను నిలవనివ్వలేదు. ఇందరి ప్రాణాల సంగతి ఇంత దగ్గరగా వినడానికి దేవుడు తనను ఎన్నుకుని కూర్చోబెడితే, తాను ఊళ్ళు మారుతూ చప్పుళ్ళు కొలిచింది.

ఆ రోజు ఆమె మామూలు పనిలో సగానికి కొంచెం ఎక్కువ చేసింది. సాయంత్రం కాగితం మీద కూడి చూసుకుంది. ఇంత పనికి వచ్చే జీతంతో మొదటి ఊళ్ళో పది రోజులు గడవవు, కొండ ఊళ్ళో మూడు వారాలు. ఇక్కడ అద్దె పోను, కూరలు, పాలు, మందులు పోను ఓ పిడికెడు మిగులుతుంది. కిందికి వెళ్ళి, అద్దె వెనక్కి అక్కర్లేదని మేస్త్రికి చెప్పింది.

"చప్పుడో?" అన్నాడతను. "లోపల అరగదీసి శ్రుతి కలపాలి. నెల పడుతుంది."

"చేసుకోండి. పొద్దున తొమ్మిది దాకా మాత్రం ఆకురాయి పట్టకండి, చాలు."

"ఎనిమిదిన్నర."

"తొమ్మిది."

"అత్తగారూ, మీ కోడలు గట్టిది" అన్నాడు మేస్త్రి.

"నాకు చెబుతారా" అంది అత్తగారు, ఎదురింటి నర్సు తెచ్చిన టీ తాగుతూ.

నెలాఖరున సూపర్‌వైజరు ఉత్తరం రాయలేదు, స్వయంగా ఫోను చేశాడు. ఆ పేరు తెర మీద చూడగానే పని పోయిందనే కోడలు అనుకుంది. మొదటి వారం తప్పులన్నీ ఈ నెల లెక్కలోనే ఉన్నాయి కదా.

"నెల మొత్తం మీద ఒకటి పాయింటు తొమ్మిది" అన్నాడతను. "హద్దుకు వెంట్రుకవాసి ఇవతల. కానీ చివరి మూడు వారాలు చూస్తే వెయ్యి మాటలకు అర తప్పు కూడా లేదండి. పని తగ్గింది, అది వేరే సంగతి. జీతం కూడా తగ్గుతుంది, మీకు అభ్యంతరం లేదుగా?"

"లేదండీ."

"మంచిది. మిమ్మల్ని కొనసాగిస్తున్నాం. ఇంకోటి. మిగతావాళ్ళకి చెప్పడానికి అడుగుతున్నాను, ఏ ఊరండీ అది? అంత ప్రశాంతంగా ఉంటుందా?"

సరిగ్గా అప్పుడే కింద గంటను అరగదీసే లేత్ మిషను రొద మొదలైంది. కంచు మీద ఉక్కు పడిన రాపిడికి కిటికీ రెక్కలు జలదరించాయి.

"ఏంటండీ ఆ చప్పుడు?"

"గంట శ్రుతి చేస్తున్నారండీ."

"ఆ గోలలోనా మీరు వింటున్నది!"

ఆమెకు తోచినది ఫోనులో చెప్పే మాట కాదు. కృతజ్ఞతలు చెప్పి పెట్టేసింది. వరుసలో ఒక ఫైలు ఎదురుచూస్తోంది. ఆ డాక్టరమ్మదే. తెరిచింది. కాగితం తిప్పిన చప్పుడు, కుర్చీ కదిలిన చప్పుడు, ఒక చిన్న దగ్గు. అవతల ఎవరి గురించో ఏదో చెప్పడానికి డాక్టరమ్మ ఊపిరి కూడదీసుకుంటోంది. కోడలు వేళ్ళు అక్షరాల మీద ఆనించి, కదల్చకుండా, ఆమె మొదలుపెట్టేదాకా ఆగింది.